సర్కారు అచ్చోసిన ఆంబోతు

మా శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడూ నన్ను చూడడానికి వస్తుంటారు. ముందు జీతం సంగతి అడుగుతారు. తర్వాత బదిలీల సంగతి. కాఫీ అయ్యాక, లేచి చెప్పుల్లో కాళ్లు పెడుతూ, "ఇంతకీ పనేముంటుంది సార్?" అంటారు. అది చెప్పుల్లో కాళ్లు పెట్టాక చెప్పే జవాబు కాదు. అందుకని రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్ల కథ ఉండదు. ఫైళ్ల కథా ఉండదు. నా ఫైళ్లను నాకంటే శ్రద్ధగా చదివినవి చెదపురుగులు, కావలిస్తే వాటినే అడగండి.

నేను చేసింది సబ్సిడీలు పంచే ఉద్యోగం. సబ్సిడీ అంటే రైతు సగం పెడితే సర్కారు సగం పెడుతుంది. సర్కారు సగం వెనకాల షరతులుంటాయి. ఆ షరతులు హైదరాబాదులో పుట్టి, నెల్లూరు దాకా రైల్లో వచ్చి, వాకాడు దాకా బస్సులో వచ్చి, అక్కణ్నుంచి ఊళ్లోకి నా సైకిలు వెనక కూర్చుని వచ్చేవి. రైలెక్కేటప్పుడు వాటికి ఒక అర్థం ఉండేది. సైకిలు దిగేసరికి ఇంకొకటి. ఈ మధ్యలో అర్థం ఎక్కడ జారిపడిందో వెతకడమే ఉద్యోగం. మిగతాదంతా సంతకాలు.

సేవకుడొచ్చినాడు

పందొమ్మిదివందల యాభైల చివర్లో నన్ను వాకాడుకూ చిట్టమూరుకూ నడుమ కాకిమిట్ట అనే ఊరికి గ్రామసేవక్‌గా వేశారు. ఊరికి పడమట వరి, తూర్పున సరుగుడు తోపులు, ఆ వెనక సముద్రం. సముద్రపు గాలి ఎటువంటిదంటే, ఊరివైపు సైకిలు తొక్కితే వాకాడు చేరేవాణ్ని. అలవాటయ్యాక వాకాడువైపు తిరిగి తొక్కి ఊళ్లోకి వెనక్కి వచ్చేవాణ్ని.

గ్రామసేవక్ అన్న పేరు పెట్టినవాడెవడో గానీ వాడికి తెలుగు రాదు. మొదటిరోజు మునసబు గారి తల్లి నన్ను ఎగాదిగా చూసి, "సేవకుడివంట గదా నాయనా, ఆ మంచం ఎండలోకి లాగు" అంది. లాగాను. పొద్దుగూకేలోగా రెండు వీధుల మంచాలు లాగాను, ఒక గుమ్మడిపాదు పందిరెక్కించాను, ఎవరిదో పిల్లకు జడ కూడా వేశానని ఊళ్లో చెప్పుకుంటారు, అది మాత్రం అబద్ధం.

ఆ ఊళ్లో నా మొదటి సబ్సిడీ అమ్మోనియం సల్ఫేటు. బస్తా విప్పి తెల్లటి పలుకులు చేతిలో పోసి, "పొలానికి వేయండి, సగం ధరకే" అన్నాను. ఒక ముసలి రైతు వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుని, తుపుక్కున ఊశాడు.

"ఉప్పు నాయనా ఇది. సముద్రం ఊరికే ఇస్తా ఉంటే పొలంలోకి రాకుండా మా తాతల నాటి నుంచి కట్టలేసుకుంటా ఉండాం. దాన్ని మీరు బస్తాలకెత్తుకోని సగం ధరకమ్మడానికి వచ్చినారా?"

ఉప్పు కాదని చెప్పడానికి నాకు ఒక పంటకాలం పట్టింది. పిల్లలారా, ఇది రాసిపెట్టుకోండి: మీరు చెప్పింది కాదు, వాళ్లు విన్నదే పథకం. ఈ సంగతి నేనూ రాసిపెట్టుకున్నాను. రాసిపెట్టుకుని కూడా ఆంబోతు దగ్గర బోర్లా పడ్డాను.

శూలమూ, చక్రమూ

మా పై అధికారి బి.డి.ఓ. గారు రహస్యం చెబితే ఉరుమనుకుని బెస్తపాళెంలో పడవలు గట్టుకు లాగేవారు. ఆయన గొంతు అంతటిది. మనిషి మాత్రం నిజాయితీపరుడు. ఆయనకు ఒకటే సూత్రం: "కళ్లతో చూడాలి. చూస్తేనే సంతకం." ఎరువు గొయ్యికి సబ్సిడీ అంటే గోతిలోకి దిగి చూసేవాడు. ఒకసారి దిగినాయన్ని పైకి తీయడానికి ఇంకో పథకం వేయవలసి వచ్చింది.

ఆ ఏడు మేలుజాతి ఆంబోతుల పథకం వచ్చింది. ఒంగోలు కోడె ధరలో సగం సర్కారుది, సగం దాన్ని పోషించే రైతుది. ఆ తర్వాత దాని మేతకు ఆరునెలలకొకసారి పోషణ సబ్సిడీ. షరతు: ఆంబోతు పోషకుడి కొట్టంలోనే కట్టి ఉండవలెను. లేకపోతే ఆంబోతును సర్కారు తోలుకుపోతుంది, రైతు పెట్టిన సగం గంగలో కలుస్తుంది.

ముందుకొచ్చినవాడు వెంకురెడ్డి. నాలుగెకరాల రైతు, మంచివాడు, భార్యంటే హడల్. తన వాటా కోసం ఇంట్లో ఉన్న ఒక్క పాడిబర్రెనూ అమ్మేశాడు. బర్రె గడప దాటుతుంటే ఆయన భార్య రమణమ్మ ఆయన్ని ఏమీ అనలేదు. నా దగ్గరికొచ్చి, "సేవకయ్యా, నీ మాట నమ్మి ఇంట్లో మజ్జిగచుక్క లేకుండా బర్రెనమ్ముకుంటా ఉండాం. ఆ సబ్సిడీ రాకపోతే నిన్ను మా కొట్టంలో కట్టేసి పాలు పిండుతా" అంది. ఆమె చేతులు చూస్తే పిండగలదనే అనిపించింది.

సర్కారు సొత్తుకు గుర్తు ఉండాలి కదా. పశువుల ఆస్పత్రి కాంపౌండరు ఇనుము కాల్చి, కోడె కుడి తొడ మీద సర్కారు బాణం గుర్తు వేశాడు, సర్వే రాళ్ల మీద ఉంటుందే, అది. ఎడమ తొడ మీద ఒంగోలు జాతి అని తెలియడానికి ఇంగ్లీషు 'ఓ' అక్షరం వేశాడు.

ఇప్పుడు మీరు కాకిమిట్ట కళ్లతో చూడండి. మూడు మొనల బాణం ఏమిటి? శూలం. గుండ్రటి 'ఓ' ఏమిటి? చక్రం. ఇంట్లో పెద్దవాళ్లు పోతే, శక్తి ఉన్నవాళ్లు కర్మల నాడు ఒక కోడెకు శూలమూ చక్రమూ అచ్చు వేసి దేవుడి పేర వదిలేస్తారు. ఆ అచ్చోసిన ఆంబోతును కట్టకూడదు, కొట్టకూడదు, ఎవరి చేలో మేసినా అదిలించకూడదు. పోయినవాళ్ల ఆత్మ దాని వెంట ఉంటుందని నమ్మకం. ఇది చాలదన్నట్టు దండోరా వేసే పోలయ్య ముందురోజు డప్పు కొట్టి చెప్పాడు:

"సర్కారు వారు అచ్చేసిన ఆంబోతు రేపు ఊళ్లోకొస్తా ఉండాదహో!"

మర్నాడు నేను ఆంబోతును తోలుకొచ్చేసరికి ఊరంతా పసుపునీళ్లతో, కర్పూరంతో పొలిమేరలో ఉంది. ఆంబోతు గురించి చెప్పాలంటే, మూపురం మీద కాకి వాలితే దానికి సముద్రం కనబడేది. గంగడోలు ఊగితే వీధిలో దుమ్ము చిమ్మక్కర్లేదు. అందరూ దణ్ణాలు పెట్టారు. మునసబు గారి తల్లి కళ్లొత్తుకుంటూ అడిగింది:

"ఎవురు పోయినారు నాయనా?"

"ఎవరూ పోలేదమ్మా. సర్కారు వదిలింది."

"సర్కారు పోయినాడా! ఎప్పుడు?"

తోక ముక్క

ఆంబోతు వెంకురెడ్డి కొట్టం ముందు ఆగింది. లోపలికి చూసింది. ముట్టె చిట్లించింది. గిరుక్కున వెనక్కి తిరిగి, నా చేతిలోని తాడును నాతో సహా ఈడ్చుకుంటూ వీధి చివరకు పోయి, పెంచలమ్మ వాకిట్లో సొరపందిరి మీది కాయ ఒకటి కొరికి, అరుగు పక్కన కూలబడి నెమరు వేయడం మొదలుపెట్టింది.

పెంచలమ్మ వెంకురెడ్డికి అక్క. ఆమె మొగుడు చెంగారెడ్డి అంతకు రెండేళ్ల ముందు పోయాడు. అప్పుడు ఆంబోతును వదలడానికి చేతిలో ఏమీ లేక ఆమె చాలా కుమిలిపోయింది. ఆ చెంగారెడ్డికి సొరకాయంటే ప్రాణం. ఆయన రోజూ కూర్చునేది సరిగ్గా ఆ అరుగు మీదే. వచ్చింది ఆయనేననడానికి అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఇంకొకటుంది. ఆయన బావమరిది గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. ఏనాడో ఆ ఇంట్లో జరిగిన ఒక పెళ్లిలో, మూడోనాటి విందులో, చేపల పులుసు వడ్డిస్తూ వెంకురెడ్డి బావ విస్తట్లో తల ముక్కకు బదులు తోక ముక్క వేశాడు. నెల్లూరు వైపు అల్లుడి విస్తట్లో తోక ముక్క వేయడం కంటే ఆస్తి రాయించుకోవడం చిన్న తప్పు. చెంగారెడ్డి విస్తరి ముందునుంచి లేచినవాడు మళ్లీ ఆ గడప తొక్కలేదు. పోయేదాకా.

పెంచలమ్మ లోపల్నుంచి వచ్చి ఆంబోతును చూసింది. సొరకాయను చూసింది. తలమీద కొంగు కప్పుకుంది.

"వచ్చినావా?" అంది.

ఊరు ఊరంతా "వచ్చినాడు, వచ్చినాడు" అంది. నేను మాత్రం ఒంటికంటిన దుమ్ము దులుపుకుంటూ, "అమ్మా, ఇది సర్కారు ఎద్దు. దీనికి ఆఫీసులో నంబరుంది" అన్నాను.

"ఓటర్ల లిస్టులో ఆయనకూ నంబరుండె నాయనా" అంది పెంచలమ్మ.

ఆరోజు నుంచీ ఆంబోతు మకాం ఆమె వాకిలి. ఇష్టం వచ్చిన చేలో మేసేది, మధ్యాహ్నానికి ఆమె పెట్టే కుడితికి వచ్చేది. ఊరి ఆవులు చూలు కట్టసాగాయి. పథకం దివ్యంగా నడుస్తోంది, షరతు తప్ప. ఒకనాడు నేను, "ఏమమ్మా, ఆయన పని బాగా చేస్తున్నాడు" అన్నాను. పెంచలమ్మ ముసిముసిగా నవ్వింది.

"ముసిలితనంలో నాకింతమంది సవతులైనారు నాయనా. ఏం జేస్తాం, సర్కారు ఉద్యోగం గదా ఆయనది!"

మజ్జిగ లేని అన్నం

అందరూ నవ్వుకుంటున్నారు, ఒక్క వెంకురెడ్డి తప్ప. ఇంట్లో బర్రె లేదు, మజ్జిగ లేదు, కొట్టంలో ఆంబోతు లేదు. షరతు తప్పినట్టు తేలితే సబ్సిడీ లేదు, పెట్టిన సగమూ లేదు. రమణమ్మ రోజూ ఆయనకు అన్నం పెట్టి, ఖాళీ మజ్జిగ కుండ తెచ్చి పక్కన పెట్టేది. ఒక్క మాట అనేది కాదు. ఆ కుండను చూస్తూ తినడం కంటే తిట్లు తినడం నయమని ఆయన నాతో చెప్పుకుని ఏడ్చాడు.

పోషణ సబ్సిడీ ఇచ్చే వేళకు, తాను గురువారం వచ్చి కళ్లతో చూస్తానని బి.డి.ఓ. గారు కబురు పెట్టారు. నేను పలుపుతాడు కొని తెచ్చి వెంకురెడ్డి చేతిలో పెట్టాను.

"ఒక్కపూట కట్టన్నా. జీపు పోయినాక విప్పేద్దువు."

ఆయన తాడును పాములా చూశాడు. "ఏం మాట సామీ అది! అచ్చోసినదానికి తాడేసేది ఒక పాపం. బావ మెడకు తాడేసేది ఇంకొకటి. రెండూ నేనే జేస్తే రేప్పొద్దున నేను పోతే మొయ్యడానికి నలుగురొస్తారా?"

"కట్టకపోతే?"

"ఆ కుండ" అన్నాడు. అంతకంటే చెప్పలేకపోయాడు.

మేమిద్దరం పెంచలమ్మ దగ్గరికి పోయాం. ఆంబోతు అరుగు పక్కన పడుకుని మా మాటలు వింటున్నట్టే చెవులు ఆడించింది. నేను షరతులన్నీ వల్లించాను. ఆమె సాంతం విని, తమ్ముడి వైపు తిరిగింది.

"ఏరా ఎంకూ, నీ కొట్టంలోకి రావాల్సింది ఎద్దా, మీ బావా?"

వెంకురెడ్డి తల వంచుకున్నాడు. "బావేలే అక్కా."

"మరి ఎద్దును పిలిచినట్టు తాడు దెచ్చినావే? మీ బావను నువ్వు మర్యాదగా పిలిచినావా ఎప్పుడన్నా? ఆయన బతికుండంగా ఒక్కసారి వచ్చి, తప్పైంది బావా అన్నావా? ఒక్క మాట. ఒక్క మాటకి ఆయన ఎన్నేండ్లు ఈ అరుగు మీద కూచోని మీ ఇంటి దిక్కే జూసినాడో నీకు తెలుసునా?"

వెంకురెడ్డి తాడును చుట్ట చుట్టి తిరిగి నా చేతిలోనే పెట్టేశాడు.

బావా, రా

గురువారం పొద్దున్నే వెంకురెడ్డి తలంటుకుని, పెళ్లినాటి పంచె కట్టి, అరటాకులో ఒక లేత సొరకాయ పెట్టుకుని బయల్దేరాడు. వెనకాల రమణమ్మ కాళ్లు కడగడానికి చెంబు పట్టుకుంది. ఆ వెనక ఊరు. నేను ఆ గుంపులో సైకిలు పట్టుకుని, మా శిక్షణ కాలేజీలో ఇది ఏ పాఠంలో చెప్పారా అని వెతుక్కుంటున్నాను.

రమణమ్మ ఆంబోతు ముందు కాళ్ల మీద నీళ్లు పోసింది. వెంకురెడ్డి ఆకు దాని ముందు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఆ పొద్దు తోక ముక్క నేను కావాలని ఎయ్యలా. గరిటెకు ఏదొస్తే అదేసినా. తల ముక్క మా మేనమామ అప్పటికే..." అని ఆగాడు. ఆంబోతు బుసకొట్టింది.

"నిజం జెప్పరా" అంది పెంచలమ్మ.

"సరేలే! తల ముక్క నేనే దాచుకున్నా బావా. వంటింట్లో నిలబడి నేనే తిన్నా. తప్పైంది. ఇంటికి రా."

ఊరు గుప్పున నవ్వింది. పెంచలమ్మ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆంబోతు సొరకాయ వాసన చూసింది. వెంకురెడ్డి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆంబోతు ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన వెనక్కి, అది ముందుకు. అలా వీధి పొడవునా, అల్లుడికి మేళం పెట్టి తెచ్చినట్టు, ఊరు వెంటరాగా నడిచింది. పోలయ్య ఆగలేక డప్పందుకున్నాడు. ఆంబోతు కొట్టం గడప దాటిన క్షణాన సరిగ్గా మా బి.డి.ఓ. గారి జీపు వీధిలోకి వచ్చింది.

ఆయన జీపు దిగి, గుంపును తోసుకుంటూ కొట్టం ముందుకు వచ్చారు. ఆంబోతు సొరకాయ నములుతూ పక్కకు తిరిగింది. కుడి తొడ మీద శూలం, కాస్త తిరిగితే ఎడమ తొడ మీద చక్రం. బి.డి.ఓ. గారు బూట్లు విడిచారు. రెండు చేతులూ జోడించి, కళ్లు మూసుకుని, పెదవులు కదిలిస్తూ దణ్ణం పెట్టుకున్నారు.

కళ్లు తెరిచేసరికి ఊరంతా ఆయన్నే చూస్తోంది. ఆయన గబగబా బూట్లు తొడుక్కుని ఆఫీసరయ్యారు.

"తాడేదీ?"

సముద్రం మీంచి వచ్చే గాలి కూడా ఆగింది. వెంకురెడ్డి నా వెనక్కి చేరాడు. రమణమ్మ కళ్లు మూసుకుంది. ఆమె ఖాళీ కుండ నా కళ్లముందు గిర్రున తిరిగింది.

"ఆంబోతు కట్టి ఉండాలి. తాడు ఎక్కడ అంటున్నాను!" ఆ అరుపుకు సరుగుడు తోపులో కాకులు లేచాయి. ఆంబోతు కదలలేదు.

పెంచలమ్మ ముందుకొచ్చింది.

"అయ్యా, నాకు పసుపుతాడు కట్టినోడికి నేను పలుపుతాడు కట్టేదా?"

బి.డి.ఓ. గారు ఆమెను చూశారు, ఆంబోతును చూశారు, నన్ను చూశారు. నేను బావ కథ, తోక ముక్క కథ ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆ రోజుకు ముందు ఆయన గొంతు తగ్గించి మాట్లాడడం నేను వినలేదు. ఆ రోజు విన్నాను.

"తాడు లేకుండా ఎట్లా నిలబడ్డాడమ్మా?"

'నిలబడింది' అనలేదు. 'నిలబడ్డాడు' అన్నారు. అది విని రమణమ్మ కళ్లు తెరిచింది.

"మర్యాద చేస్తే నిలబడడా సామీ!" అంది పెంచలమ్మ.

ఆయన నావైపు తిరిగారు. "షరతులో 'కట్టి' అని ఉంది కదయ్యా. ఇప్పుడేం రాస్తావు?"

"కట్టుబడి ఉన్నది అని రాస్తాను సార్."

కాసేపు మీసం దువ్వుకున్నారు. "రాయి" అన్నారు. జీపు ముందుభాగం మీద కాగితం పెట్టి సంతకం చేశారు. దణ్ణం పెట్టిన చేత్తో తాడు పట్టుకోవడం ఆయన వల్ల మాత్రం ఎట్లా అవుతుంది?

సబ్సిడీ వచ్చింది. రమణమ్మ బర్రెను కొంది. మొదటిసారి చిలికిన మజ్జిగలో పెద్ద చెంబెడు నాకు, మిగిలింది బావకు. ఆంబోతు పగలు వెంకురెడ్డి కొట్టంలో, సాయంత్రం పెంచలమ్మ అరుగు పక్కన. రెండిళ్ల నడుమ దారిలో మళ్లీ గడ్డి మొలవలేదు.

కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ఊళ్లోకి పథకం తీసుకుపోయే ముందు ఎవరి పొలం ఎంతో అడక్కపోయినా పరవాలేదు. ఎవరు ఎవరి గడప తొక్కరో అడగండి. ఎందుకు తొక్కరో కూడా అడగండి. కారణం చేపముక్కంత ఉంటుంది. పథకం మునిగేది అక్కడే.

కొన్నేళ్ల తర్వాత ఆ పథకాన్ని ఎత్తేశారు. ఊళ్లో ఆ కబురు చెప్పాల్సింది నేనే. గాలికి వ్యతిరేకంగా తొక్కి తొక్కి, చివరికి వాకాడువైపు తిరిగి తొక్కి ఊరు చేరి, పెంచలమ్మ వాకిట్లో సైకిలు ఆపాను. ముసలిదైన ఆంబోతు అరుగు పక్కనే ఉంది.

"అమ్మా, ఇక మీదట సర్కారు మేతకేమీ ఇవ్వదు. అయిపోయింది" అన్నాను.

పెంచలమ్మ చేతిలోని కుడితి చట్టి దించి, బుగ్గన వేలేసుకుంది.

"అయ్యో, అయితే ఇప్పుడు పోయినాడా సర్కారు! ఎంత ముందుచూపు నాయనా ఆయనకి. పోయినాక తనకెవురూ వదలరని, తన ఆంబోతును తానే ముందుగా వదులుకోని పోయినాడు."